చివరి మూడు ఇంటూలు

క్రీడా హాస్టల్, పై అంతస్తు,
జులై రెండో వారం.

తాళాల అత్తకి మిడత రాయునది.

ఇక్కడ ఫోన్లన్నీ వార్డెనమ్మ బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. ఆదివారం పది నిమిషాలు ఇస్తుంది, అది కూడా తను పక్కనే కూర్చుని. ఆ తాళం చూశాను. నువ్వయితే జడపిన్నుతో తీసేస్తావు. ఆ విద్య నేర్పమంటే "ముందు దూకడం నేర్చుకో, పారిపోవడం తర్వాత" అన్నావుగా. అందుకే ఉత్తరం.

గదిలో మేం ఇద్దరం. నాది హైజంప్, రెండోది లాంగ్ జంప్ పిల్ల. అందరూ పొడుగుమ్మ అంటారు, నా భుజం దాకా కూడా రాదు. "నువ్వు నిలువుగా ఎగురు, నేను అడ్డంగా ఎగురుతా, గదిలో గుద్దుకోకుండా ఉంటాం" అంటుంది. కిటికీ తలుపు ఊడింది, దానికి నా పాత షూలేసు కట్టాను. కోచ్ మేడం నోట్లో ఎప్పుడూ విజిలే. మాటలు తక్కువ. రెండు విజిళ్ళు వేస్తే మళ్ళీ దూకమని, పొడుగ్గా ఒకటి వేస్తే నీళ్ళు తాగమని. నెల తిరిగేసరికి ఆవిడ విజిల్ తిట్టిందో మెచ్చుకుందో కూడా తెలిసిపోతోంది.

అసలు సంగతి. పోయిన నెల ఆఖరి శనివారం నాడు హాస్టళ్ళ మధ్య పోటీ పెట్టారు. నేనే ఫస్టు వచ్చాను! మీటరు అరవై ఆరు దాటాను. మిగతావాళ్ళు అరవై మూడు దగ్గరే ఆగిపోయారు. ఎవరు ఎంత దూకారో చూపించే పేపరు ఆఫీసువాళ్ళు ఇళ్ళకి పోస్టులో పంపుతారు. నిన్న ఆదివారం నాన్నతో మాట్లాడాను.

"పేపరొచ్చింది" అన్నాడు.

"చూశావా నాన్నా?"

"చూశాను."

అంతే. ఫోను అమ్మకిచ్చేశాడు. అమ్మ వంటింట్లో ట్యాపు కారుతోందని చెప్పింది. ఫస్టు వచ్చిన పిల్లతో ఎవరైనా ట్యాపు గురించి మాట్లాడతారా అత్తా? ఏమైందో కనుక్కుని రాయి. మనింట్లో నువ్వు కనుక్కోలేని విషయం ఇంతవరకూ పుట్టలేదు.

మిడత


తాళాల కొట్టు, మనింటి కింద,
జులై ఆఖరు.

ఓసి మిడతా,

ఇక్కడ అందరం బాగున్నాం. మీ నాన్న మూతి ఒక్కటే బాగోలేదు. దానికి మందు కనిపెట్టలేదు కాబట్టి వదిలేద్దాం.

నీ ఉత్తరం వచ్చేసరికి కొట్టు ముందు ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఇంటి తాళంచెవి పోగొట్టుకుని బతిమాలి తీసుకెళ్ళాడు. అరనిమిషంలో తలుపు తీశాను. "ఇంత తేలిగ్గా తీసేశారేంటమ్మా" అని నన్నే దొంగని చూసినట్టు చూశాడు. కావాలంటే మళ్ళీ వేసేసి కాస్త కష్టపడుతూ తీస్తానన్నాను. వద్దన్నాడు.

సరే, నీ కేసు. కనుక్కున్నాను. కనుక్కోవడానికి పెద్దగా కష్టపడలేదు, ఎందుకంటే ఆ పేపరు వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నా. నీకు చెప్పకూడదనుకున్నా. ఇప్పుడు నువ్వే అడిగావు.

మీ నాన్న సంగతి తెలుసుగా. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఫ్యాక్టరీలో బెల్టులు చూడటమే పని. ఎత్తయిన బిల్డింగుల మీద రంగులేసేవాళ్ళు నడుముకి కట్టుకునే బెల్టులు. ఒక్క కుట్టు వంకరపోతే ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టి అవతల పారేస్తాడు. ఇంటికొచ్చాక కూడా ఆ కళ్ళు ఆరవు. నీ పేపరు బల్లమీద పరిచి, స్కేలు పెట్టి వరస వరస చూశాడు.

"ఏంటన్నయ్యా, దొంగనోటు చూసినట్టు దీపానికి పెట్టి చూస్తున్నావు?" అన్నా.

"చివరి గడి చూడు."

చూశాను. మూడు ఇంటూలు.

"అయితే?"

"వరసగా మూడే! మా దగ్గర వరసగా మూడు ముక్కలు తప్పొస్తే మిషనే ఆపేస్తాం."

"మనమ్మాయి మిషనేంటి? ఫస్టు వచ్చిందని పైన రాశారుగా."

"మిగతావాళ్ళు ఇంకా అధ్వాన్నం అన్నమాట. కుళ్ళిన పళ్ళలో తక్కువ కుళ్ళింది ఏరినట్టు" అన్నాడు. మీ అమ్మ వంటింట్లో గిన్నె గట్టిగా పెట్టింది. ఆవిడ అంతకంటే గట్టిగా మాట్లాడదు, తెలుసుగా.

నాకింకో సంగతి అర్థం కాలేదు. ఆ పేపర్లో సున్నాలు మంచివట, ఇంటూలు చెడ్డవట. ఈ లెక్కన నా బడి రోజుల పేపర్లన్నీ దాచుకోవాల్సింది. నిండా సున్నాలే. పెద్ద క్రీడాకారిణిని అయ్యుండేదాన్ని.

ఇక అసలు కబురు. ఏడవకు, కాగితం తడిస్తే నేను చదవలేను. ఏడాది ఆఖరుకి ఫ్యాక్టరీ ప్యాకింగులో ఒక సీటు ఖాళీ అవుతోందట. మీ నాన్న నీ పేరు చెప్పి ఉంచాడు. "ఏడాది ఆఖరున పెద్ద పోటీ ఉందన్నారుగా. అందులో కూడా చివర మూడు ఇంటూలు తెచ్చిందంటే సామాను సర్దుకుని రమ్మను" అన్నాడు. అరవలేదు. అరిస్తే నేనూ అరిచేదాన్ని, లెక్క సరిపోయేది. మెల్లిగా అన్నాడు. అదీ భయం.

అసలు ఆ మూడు ఇంటూలు ఎందుకొచ్చాయే? ఎనిమిదో తరగతి రెండుసార్లు తప్పినదానికి అర్థమయ్యేట్టు రాయి.

తాళాల అత్త


హాస్టల్, పై అంతస్తు,
ఆగస్టు మొదటి వారం.

అత్తా,

ఏడవలేదు. గోడకేసి బంతి కొట్టాను, పొడుగుమ్మ చెవులు మూసుకునేదాకా.

చెప్తాను విను. మా ఆటలో కర్రని కొంచెం కొంచెం పైకి పెంచుకుంటూ పోతారు. ఒక్కో ఎత్తుకి మూడు అవకాశాలు. దాటితే సున్నా, కర్ర పడితే ఇంటూ. వరసగా మూడు ఇంటూలు పడితే ఆట అయిపోయినట్టు. అందరూ అయిపోయి నేనొక్కదాన్నే మిగిలినా ఆట ఆగదు. కర్ర ఇంకా పెంచుతారు. ఇంకా దూకుతాను. పడేదాకా. అందుకని ఫస్టు వచ్చినదాని పేపర్లోనూ చివర మూడు ఇంటూలే ఉంటాయి, ఆఖరు వచ్చినదాని పేపర్లోనూ ఉంటాయి. మా క్యాంటీన్ గోడమీద ఒకామె ఫొటో ఉంది, మెడనిండా పతకాలు. ఆవిడ జీవితంలో అన్నిటికంటే గొప్ప రోజు కూడా కర్ర పడేశాకే ఇంటికెళ్ళింది. ఇంకెలా వెళ్తుంది? కర్ర పడకుండా ఆట అయిపోవడానికి అదేం పరుగుపందెమా, గీత దాటి ఆగడానికి?

నాన్నకి ఆదివారం ఇదే చెప్పబోయాను. "సాకులు చెప్పకు. సాకు చెప్పే కుట్టుకి బెల్టు ఆగదు" అన్నాడు. పక్కన వార్డెనమ్మ గడియారం చూసుకుంటోంది. టైమైపోయింది. పది నిమిషాల్లో నాన్నకి ఏదైనా అర్థమయ్యేలా చెప్పినవాళ్ళు ఇంతవరకూ ఎవరైనా ఉన్నారా?

నువ్వు చెప్పు అత్తా. నీ నోటికి ఆయన కొంచెం జంకుతాడు.

ఇంకో మాట. ఏడాది ఆఖరుకి ఈ హాస్టల్లో నా సీటు కూడా అయిపోతుంది. ఆ పెద్ద పోటీలో డెబ్భై ఐదు దాటినవాళ్ళని పెద్ద క్యాంపుకి తీసుకుంటారు. మూడేళ్ళు అక్కడే తిండి, చదువు, శిక్షణ. నాకింకా పద్దెనిమిది నిండలేదు కాబట్టి ఆ కాగితం మీద నాన్న సంతకం కావాలి. ఇప్పటికి నాకు వచ్చింది అరవై ఆరు. విజిల్ మేడం మాత్రం ప్రాక్టీసులో రెండు విజిళ్ళే వేస్తోంది. పొడుగు విజిల్ మర్చిపోయినట్టుంది. దాహంతో చస్తున్నా, కానీ ఒళ్ళు తేలికవుతోంది. డెబ్భై ఐదు ఎక్కడుందో గోడమీద సుద్దతో గీసుకున్నాను. మంచం మీద పడుకుంటే ఎదురుగా కనిపిస్తుంది. పొడుగుమ్మ దానిమీద తువ్వాలు ఆరేస్తే తీయించేశాను.

మిడత


తాళాల కొట్టు,
ఆగస్టు ఆఖరు.

మిడతా,

చెప్పాను. నోటితో చెప్తే వినడు కాబట్టి చూపిద్దామనుకున్నా. అదీ నేను చేసిన తెలివితక్కువ పని.

ఆదివారం పొద్దున వరండాలో ఆ తలుపు గొళ్ళేనికీ ఈ కిటికీ ఊచకీ తాడు కట్టాను, మోకాలెత్తున. మీ నాన్న స్నానం చేసి బయటికొచ్చాడు. దారికి అడ్డం తాడు.

"ఏంటిది?"

"దాటు" అన్నా. దాటాడు. అడుగు పైకెత్తి, మెట్టు ఎక్కినట్టు. నేను జానెడు పెంచాను. "మళ్ళీ దాటు."

"నీకేమైనా పిచ్చా?" అంటూనే దాటాడు. లుంగీ తాడుకి తగులుకుంది కానీ దాటాడు. మళ్ళీ పెంచాను. ఈసారి నడుమెత్తు వచ్చింది. మహానుభావుడు తలొంచుకుని తాడు కిందనుంచి వెళ్ళిపోయాడు! "నేను బెల్టులు చూసేవాణ్ణి, కోతిని కాదు" అని వెనక్కి తిరగకుండా చెప్పి మరీ వెళ్ళాడు.

"అదిగో, ఎక్కడో ఒకచోట ఎవరికైనా ఆగిపోతుందిగా, దాన్నే ఇంటూ అంటారు" అని అరిచాను. తలుపేసుకున్నాడు. తలుపు తీయడం నాకు పనే కాదు, కానీ తలుపు వెనక ఉన్నది మీ నాన్న.

ఇంకా చిత్రం విను. మీ అమ్మ చేతిలో బకెట్టు పెట్టుకుని ఇదంతా చూస్తూ నిలబడింది. అటూ ఇటూ చూసింది, బకెట్టు దించింది, నాలుగడుగులు వెనక్కి వేసి ఆ నడుమెత్తు తాడుని ఎగిరి దాటేసింది! నేను నోరు తెరిచి చూస్తుంటే మళ్ళీ బకెట్టు తీసుకుని ఏమీ జరగనట్టు లోపలికి పోయింది. నీ కాళ్ళు ఎక్కడినుంచి వచ్చాయో ఇన్నాళ్ళకి తెలిసింది. "ఏంటి వదినా ఇది" అంటే, "ఎవరూ ఎప్పుడూ తాడు కట్టలేదు" అంది. అంతే అంది. ఆ మాట నాకు రెండు రోజులు మింగుడుపడలేదు.

ఇక నా దగ్గర ఇంకో ఉపాయం ఉంది. పోస్టులో పేపరు వచ్చేది ముందు నా కొట్టుకే. ఇంటూని బ్లేడుతో గీకేసి పెన్నుతో గుండ్రంగా గీస్తే సున్నా అయిపోతుంది. నకిలీ తాళంచెవులు కోసేదాన్ని, ఒక సున్నా గీయలేనా? ఊ అను, మిగతాది నాకొదిలెయ్.

తాళాల అత్త


హాస్టల్,
అక్టోబరు మొదటి వారం.

అత్తా,

ఊ అనను. ఆ పేపరుని ముట్టుకోవద్దు. నీమీద ఒట్టు.

నెలపైగా ఉత్తరం రాయలేదు, కోపమొచ్చిందేమో. రాయలేకపోయాను. ఒక సంగతి దాచాను. ఇప్పుడు చెప్తున్నా. నాన్నకి మాత్రం చెప్పకు.

పోయిన నెల మధ్యలో ఇంకో పోటీ జరిగింది. అరవై తొమ్మిది మొదటిసారికే దాటాను. అందరూ అయిపోయారు. నేనే ఫస్టు. కర్రని డెబ్భై రెండుకి పెంచుతున్నారు. నా పేపర్లో అప్పటిదాకా ఒక్క ఇంటూ లేదు. అన్నీ సున్నాలే, వరసగా, ముత్యాల్లాగా. అప్పుడు నాకు నాన్న స్కేలు పెట్టి చూడటం కనిపించింది. చెయ్యెత్తి "చాలండి" అన్నాను. అలా అనొచ్చు, తప్పు లేదు. చీటీ రాసే ఆయన తలెత్తి చూసి "కాళ్ళేమైనా నొప్పా?" అన్నాడు. లేదన్నాను. రాసుకున్నాడు.

ఆదివారం నాన్నే నాకంటే ముందు మాట్లాడాడు. "పేపరు చూశాను. ఒక్క తప్పు లేదు. శభాష్" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక నాన్న నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. దానికోసమేగా అంత చేశాను. తీరా వచ్చాక, ఎవరికో రావాల్సిన ఉత్తరం నా చేతికి వచ్చినట్టనిపించింది. వార్డెనమ్మకి ఫోనిచ్చేసి వచ్చి పడుకున్నాను. ఎదురుగా గోడమీద సుద్ద గీత.

విజిల్ మేడం ఆ వారం నాకు ఒక్క విజిల్ కూడా వేయలేదు. మిగతావాళ్ళకి వేసింది, నావైపు చూడలేదు. ఆఖరికి నేనే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. నోట్లోంచి విజిల్ తీసింది.

"ఎవరికోసం ఆగావు?" అంది.

"మా నాన్నకోసం."

"ఆయన దూకుతాడా?"

"దూకడు. కిందనుంచి వెళ్తాడు" అన్నాను. నీ ఉత్తరం గుర్తొచ్చి నవ్వొచ్చేసింది. ఆవిడకి నవ్వు రాలేదు. "ఆ రోజు నీ కాళ్ళలో డెబ్భై రెండు ఉందో లేదో ఇప్పుడు నీకూ తెలీదు, నాకూ తెలీదు" అంది. విజిల్ మళ్ళీ నోట్లో పెట్టుకుంది.

అత్తా, ఇక నేను ఆగను. పెద్ద పోటీ నవంబరు ఆఖర్న. అక్కడ దాటగలిగిందంతా దాటుతాను, చివరకి పడేస్తాను. మూడు ఇంటూలు వస్తాయి. వచ్చి తీరతాయి. వాటిని సున్నాలు చేయొద్దు, అవి నావి. నాన్న రమ్మంటే వచ్చి అట్టపెట్టెలకి టేపు వేస్తాను. కానీ నాకు ఎంత వచ్చో తెలుసుకుని వస్తాను.

మిడత


తాళాల కొట్టు,
నవంబరు మొదట్లో.

మిడతా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒకసారి తిట్టుకుంటూ, ఒకసారి ముక్కు చీదుకుంటూ, ఒకసారి కొట్టు షట్టరు దించేసి. పెన్ను లోపల పడేశాను. సున్నాలు గీయను.

కానీ చేతులు ముడుచుకుని కూర్చోవడం నాకు రాదు. మొన్న పొద్దున మీ నాన్న టిఫిన్ డబ్బా దాచేశాను. నా కొట్టులో చెవులు అరగదీసే గ్రైండింగు మిషను వెనక. ఇల్లంతా వెతికి, మీ అమ్మ మీద విసుక్కుని, డబ్బా లేకుండా ఫ్యాక్టరీకెళ్ళాడు. మధ్యాహ్నం "అయ్యో, దొరికిందన్నయ్యా" అని పట్టుకుని నేనే బయల్దేరాను. ఎందుకంటావా? ఆయన ఇంట్లో వినడు. పని చేసే చోట వింటాడేమో, నలుగురి ముందు కడిగేద్దామని. ఏమేం అనాలో దారంతా బట్టీ పట్టాను.

గేటు దగ్గర కుర్చీలో ఉన్నాయన "లోపల టెస్టు గదిలో ఉన్నాడమ్మా" అన్నాడు. వెళ్ళాను. అక్కడ మీ నాన్న వేరే మనిషి. కళ్ళకి పెద్ద అద్దాలు, చొక్కా చేతులు మడిచి ఉన్నాడు. పెద్ద ఇనుప మిషను, పైన ఒక కొక్కెం, కింద ఒక కొక్కెం. మధ్యలో కొత్త బెల్టు బిగించాడు. నన్ను చూసి "గీత దాటి రాకు" అన్నాడు. మీట నొక్కాడు.

మిషను మూలుగుతూ లాగడం మొదలుపెట్టింది. బెల్టు బిగిసింది. పక్కన అంకెలు పెరుగుతున్నాయి. వెయ్యి కిలోలు దాటింది. పదిహేను వందలు దాటింది. నేనయితే ఆపు ఆపు అన్నాను. ఆయన నావైపు చూడనే లేదు. బెల్టు సన్నగా కిర్రుమంది. ఠప్! గది అదిరింది. నేను కెవ్వున అరిచి డబ్బా కింద పడేశాను. మీ నాన్న నవ్వాడే! చిన్నప్పుడు నేను ఆయన్ని బాత్రూంలో పెట్టి గొళ్ళెం పెట్టాక మొదటిసారి నా ముందు నవ్వడం. అప్పుడు నవ్వింది కూడా నేనే అనుకో.

తెగిన ముక్కలు చేతిలోకి తీసుకుని, చివర పీచు మీద బొటనవేలు పెట్టి రాసి చూశాడు. అంకె రాసుకున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"తెగిందిగా అన్నయ్యా. పాడైపోయిన సరుకేగా?" అన్నా.

"పాడేంటే? ఇది మేలురకం. పదిహేను వందలు మోస్తే చాలన్నారు, రెండు వేల పైన మోసింది."

"మరి తెగేదాకా ఎందుకు లాగావు? పదిహేను వందల దగ్గర ఆపేస్తే చక్కగా కొత్తదానిలా ఉండేదిగా."

నావైపు జాలిగా చూశాడు. "ఆపేస్తే ఎంత మోస్తుందో ఎలా తెలుస్తుంది? ఇరవయ్యో అంతస్తు మీద వేలాడేవాడికి 'ఏమో బాబూ, నేను మధ్యలో ఆపేశాను' అని చెప్పనా?"

మిడతా, బట్టీ పట్టిన మాటలన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. అన్నీ మింగేశాను. డబ్బా ఆయన చేతికిచ్చి, నోరు మూసుకుని బయటికొచ్చాను. నా జన్మలో అంత కష్టమైన పని ఇంకోటి చేయలేదు. ఎందుకు మింగానంటే, అప్పుడే చెప్తే నేను చెప్పినట్టుంటుంది. అక్కడే కాదనేవాడు. కొన్ని తాళాలకి బలం వాడితే చెవి విరిగిపోతుంది. నూనె వేసి కాసేపు వదిలెయ్యాలి.

వచ్చేటప్పుడు, ఆయన బల్లమీద పెట్టిన తెగిన బెల్టు రెండు ముక్కలూ సంచిలో వేసుకున్నాను. అవును, దొంగతనమే. ఒక సగం ఈ కవర్లో పెట్టాను. నీ దగ్గర ఉంచుకో. పోటీకి వెళ్ళేటప్పుడు బ్యాగులో వేసుకో.

నువ్వు తెగేదాకా వెళ్ళు. తెగిన తర్వాతది ఇక్కడ నేను చూసుకుంటా.

తాళాల అత్త


పెద్ద పోటీ జరిగిన ఊరు, స్టేడియం వెనక విడిది గది,
నవంబరు ఆఖరు.

అత్తా,

మంచం మీద బోర్లా పడుకుని రాస్తున్నా, అక్షరాలు చూసి నవ్వకు.

పొద్దున మబ్బు పట్టింది. పరుపు మీద కప్పిన పట్టా తీసేసరికి కిందంతా చల్లగా ఉంది. నాతోపాటు దూకేవాళ్ళు పదకొండుమంది. ఒకామె నాకంటే తలెత్తు పొడుగు. ఆమెని చూస్తూ కూర్చుంటే నా కాళ్ళు పొట్టివయిపోతున్నట్టనిపించి, బ్యాగు తెరిచి నీ బెల్టు ముక్క చూస్తూ కూర్చున్నాను. పొడుగుమ్మ వచ్చి "ఏంటది, తాయెత్తా?" అంది. "మా నాన్న పని" అన్నాను.

అరవై ఆరు, అరవై తొమ్మిది మొదటిసారికే దాటాను. డెబ్భై రెండు మొదటిసారి పడింది. పడగానే పేపర్లో ఇంటూ వేశారు, పక్కనుంచి చూశాను. ఇదివరకు ఆ ఇంటూ చూస్తే నాన్న స్కేలే కనిపించేది. ఈసారి ఏమీ అనిపించలేదు. సరే, పడింది, ఇంకోటి ఉంది అనిపించింది. రెండోసారి దాటాను. ఆ రోజు వదిలేసిన ఎత్తు అది. నాకు ఉందత్తా, అప్పుడే ఉండుంటుంది.

డెబ్భై ఐదు. ఒకటి, పడింది. మడమ తగిలింది. రెండు, పడింది. పరుగులోనే తేడా వచ్చింది. ఇంకొక్కటే మిగిలింది. ముగ్గురమే ఉన్నాం. విజిల్ మేడం గోడవతల నిలబడింది. విజిల్ వేయడానికి అక్కడ ఆవిడకి హక్కు లేదు, ఊరికే నోట్లో పెట్టుకుని కొరుకుతోంది.

పరుగెత్తాను. వంపు తిరిగాను. పైకి లేచాక ఆ కాస్తసేపు ఏమీ వినపడదు, నీకెప్పుడైనా చెప్పానా? మబ్బొకటే కనిపిస్తుంది. నడుము దాటింది. కాళ్ళు లాగేసుకున్నాను. వీపు పరుపుకి తగిలాక, కర్ర పడుతుందేమోనని పైకి చూస్తూ ఉండిపోయాను. కదులుతోంది. ఊగుతోంది. ఆగింది.

దాటాను అత్తా! డెబ్భై ఐదు!

తర్వాత డెబ్భై ఎనిమిది పెట్టారు. అప్పుడు చెయ్యెత్తి చాలు అనొచ్చు. క్యాంపుకి అదే సరిపోతుంది. చీటీ రాసే ఆయన నావైపు చూశాడు కూడా. వెళ్ళి దూకాను. పడింది. మళ్ళీ దూకాను. పడింది. మూడోది చాలా దగ్గరకి వచ్చి పడింది. నేను రెండో స్థానం. ఆ పొడుగామె ఫస్టు. ఆమెకీ చివర మూడు ఇంటూలే.

పేపరు ఈ ఉత్తరంతో పాటే ఇంటికి వస్తుంది. క్యాంపు కాగితం కూడా. నా పేపర్లో ఈసారి ఇంటూలు చాలా ఉన్నాయి. మూడు కాదు, ఆరు. దేన్నీ దాచొద్దు. ఆయన ఏమన్నా సరే రాయి, తీపి పూయకుండా రాయి.

మిడత


తాళాల కొట్టు,
డిసెంబరు మొదట్లో.

ఓసి నా మిడతా,

పేపరొచ్చిన రోజు సాయంత్రం మీ నాన్న కుర్చీకి ఎదురుగా గోడకి మేకు కొట్టాను. పేపరు తగిలించాను. దానిమీద నా దగ్గరున్న బెల్టు సగం వేలాడదీశాను. మీ అమ్మ చూసి ఏమీ అనలేదు, మేకు వంకరగా ఉందని మాత్రం చెప్పింది.

ఆయనొచ్చి బూట్లు విప్పుతూ తలెత్తాడు. ముందు చూసింది బెల్టునే.

"ఇది మా టెస్టు ముక్క. ఇక్కడికెలా వచ్చింది?"

"నడిచొచ్చింది."

"రెండో సగమేది?"

"అది ఎగురుకుంటూ వెళ్ళింది."

"స్టోర్లో లెక్క చూపించాలి తెలుసా? నాలుగు వారాలుగా వెతుకుతున్నాను" అని నన్ను తిట్టడం మొదలుపెట్టాడు. తిడుతూనే బెల్టు తీశాడు. కింద పేపరు బయటపడింది. ఆగిపోయాడు. స్కేలు అడగలేదు. వేలితో ఒక్కో గడి తడుముకుంటూ వెళ్ళాడు.

"ఆరు" అన్నాడు.

నేను నోరు తెరవబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు. కుర్చీలో కూర్చున్నాడు. ఆ చేతిలో బెల్టు, ఈ చేతిలో పేపరు. మీ అమ్మ మంచినీళ్ళు పెట్టింది, ముట్టుకోలేదు. తెగిన చోట బొటనవేలు పెట్టి రాస్తూ కూర్చున్నాడు, అక్కడ టెస్టు గదిలో రాసినట్టే. నేను మాట్లాడలేదే! మళ్ళీ మాట్లాడలేదు. నెల రోజుల్లో ఇది రెండోసారి. డాక్టరుకి చూపించుకోవాలి.

అప్పుడు అడిగాడు. "దీని ఆఖరి సున్నా ఎంత దగ్గరుంది?"

"డెబ్భై ఐదు."

"కిందటిసారి?"

"అరవై తొమ్మిది."

"కిందటిసారి ఇంటూలు లేవుగా. తర్వాతది ఎందుకు దూకలేదు?"

నువ్వు చెప్పొద్దన్నావు. నేను అందరి తాళాలూ తీస్తానుగానీ నా నోటికి తాళం ఎక్కడ దొరుకుతుంది? "నీకోసమే ఆపేసింది అన్నయ్యా. నువ్వు ఇంటూ చూడలేవని" అన్నాను.

ఆయన ముఖం నేనెప్పుడూ అలా చూడలేదు. లేచి బీరువా తీసి ఆ పాత పేపరు, శభాష్ పేపరు, బయటికి తెచ్చాడు. జాగ్రత్తగా అట్టలో పెట్టి దాచుకున్నాడు పాపం. దాన్నీ దీన్నీ పక్కపక్కన పెట్టాడు.

"ఇది చెల్లదు" అన్నాడు సున్నాల పేపరు చూపించి. "టెస్టు మధ్యలో ఆపేసిన ముక్క ఇది. ఆపించింది నేను. పైగా మెచ్చుకున్నాను."

మీ అమ్మ అప్పుడు మాట్లాడింది. "క్యాంపు కాగితం బల్లమీద ఉంది" అంది. "సంతకం ఎక్కడ పెట్టాలో ఇంటూ వేసి ఉంది, చూసుకోండి." ఆవిడ కూడా నాలాంటిదే, బయటపడలేదు ఇన్నాళ్ళూ.

పెట్టాడు. పెన్ను నొక్కి పెట్టాడు, కింది కాగితం మీద కూడా పడింది. ప్యాకింగు సీటు ఇంకెవరికైనా ఇచ్చుకోమని మర్నాడు పొద్దున్నే చెప్పేశాడట.

ఇప్పుడు నా కొట్టులో నా స్టూలు మీద కూర్చుని, "నేనూ రెండు ముక్కలు రాస్తాను, జరుగు" అంటున్నాడు. నిలబడే రాస్తున్నా ఇదంతా. ఇస్తున్నాను పెన్ను. ఎర్రదే దొరికింది.

తాళాల అత్త

అమ్మాయికి,

పేపరు చూశాను. 1.75 మోసింది. 1.78 దగ్గర తెగింది. సరుకు మంచిది.

బెల్టు ముక్క సగం నీ దగ్గర ఉందట. స్టోరులో అప్పజెప్పాలి, అది రూలు. ఒక సగం పోయిందని రాసేశాను. నీ దగ్గరే ఉంచుకో.

తనిఖీ చేసినది,
నాన్న